ఈసీజీ నార్మల్, అయినా మెట్లెక్కితే ఛాతీలో మంట: సమాధానం

మీ నాన్నగారికి మేడ మెట్లెక్కితే మంట, కూర్చుంటే ఐదు నిమిషాల్లో పోతోంది అంటున్నారు కదా, అది గ్యాస్ కాకపోవచ్చు, యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి) అనుమానించాలి. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ చాలామందికి నార్మల్‌గానే వస్తుంది.

అందరూ వదిలేసేది డాక్టరుకు చెప్పే తీరు. మా నాన్న ఒడిశాలోని బరంపురంలో, తెలుగు రాని ఒడియా డాక్టరు ముందు బనియన్ మీద చెయ్యి రాస్తూ "గ్యాస్" అని ఒక్క ముక్క అన్నాడు, మందూ దానికే రాశారు!

1. ఎన్ని మెట్లకు మొదలవుతోంది, ఎంతసేపు ఉంటోంది, దవడకో చేతికో పాకుతోందా, షుగర్ ఉందా, ఇవన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి; డాక్టరుకు తెలుగు రాకపోతే ఒడియా వచ్చినవాళ్లతో రాయించండి.
2. రేపే గుండె డాక్టరుకు చూపించండి. ఎకో, ట్రెడ్‌మిల్ అనే గుండె పరీక్షలు కావాలా అన్నది ఆయన చెప్తారు.
3. కూర్చున్నాక కూడా తగ్గకపోయినా, చెమటలు పట్టినా బండెక్కించకండి, వెంటనే 108.