పాలపళ్లే కదా అనుకోవద్దు

ప్రశ్న: మా బాబుకి రెండేళ్లు. పై ముందు పళ్ల మీద, చిగుళ్లను ఆనుకుని సున్నం రాసినట్టు తెల్లటి చారలు కనిపిస్తున్నాయి. కింది పళ్లు బాగానే ఉన్నాయి. రాత్రి పాలసీసా నోట్లో ఉంటే తప్ప నిద్రపోడు. ఎలాగూ ఊడిపోయే పళ్లే కదా, డాక్టరుకి చూపించాలా?

జవాబు: చూపించండి, అదీ ఈ వారంలోనే. మీరు చెప్పినదాన్ని బట్టి అవి పిప్పికి తొలి గుర్తులు కావచ్చు. పంటి పైపొరలోంచి ఖనిజాలు కరిగిపోతే అలా తెల్లబారుతుంది. గుంట పడనంత వరకు ఫ్లోరైడ్‌తో ఆ పొర మళ్లీ గట్టిపడుతుంది. డాక్టర్లు ఫ్లోరైడ్ వార్నిష్ పూసేది అందుకే. గోధుమ రంగుకు తిరిగి గుంట పడిందంటే మాత్రం బ్రష్ ఎంత తోమినా పూడదు.

పై పళ్లే ఎందుకు పాడయ్యాయంటే, సీసాలోంచి కారే పాలు నిద్రలో వాటి చుట్టూనే నిలుస్తాయి. కింది పళ్లను నాలుక కప్పేస్తుంది, లాలాజలమూ అక్కడే ఊరుతుంది. పైగా నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి పాలలోని చక్కెరతో సూక్ష్మజీవులు తయారుచేసే ఆమ్లాన్ని కడిగేవాళ్లే ఉండరు.

సీసాను ఒక్క రాత్రిలో లాగేసుకుంటే ఇల్లంతా జాగారమే. రోజురోజుకీ పాలు తగ్గించి నీళ్లు పెంచుతూ వారం పది రోజుల్లో వట్టి నీళ్లకు తీసుకురండి. పాలు పడుకోబోయే ముందు కప్పుతో పట్టి, ఆ తర్వాత బ్రష్ చేయండి. బ్రష్ చేశాక నీళ్లు తప్ప ఏమీ వద్దు. తియ్యటి మందు సిరప్‌లు కూడా బ్రష్‌కు ముందే పడాలి.

ఇక ఊడిపోయే పళ్ల సంగతి. ముందు పళ్లు ఆరేడేళ్లకే ఊడతాయి గానీ, దవడ పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా నమలాల్సినవి. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, కింద నుంచి వచ్చే శాశ్వత పంటికి చోటుండదు.

ప్రశ్న: మా పాపకి ఐదేళ్లు. తనే బ్రష్ చేసుకుంటానంటుంది. పేస్టు మింగేస్తుందని భయం. ఫ్లోరైడ్ లేనిది కొనమంటారా?

జవాబు: వద్దు. ఫ్లోరైడ్ లేని పేస్టు పంటిని శుభ్రం చేస్తుందే తప్ప పిప్పిని పెద్దగా ఆపదు. ట్యూబు మీద ఫ్లోరైడ్ కనీసం 1000 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) అని ఉందేమో చూసి కొనండి. జాగ్రత్తంతా కొలతలో ఉంది: మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. ప్రకటనల్లో బ్రష్ పొడవునా అలలా పరిచి చూపించేది అమ్మకం కోసం!

తోముకున్నాక ఉమ్మేయాలి, పుక్కిలించకూడదు. నీళ్లతో కడిగేస్తే పంటి మీద నిలవాల్సిన ఫ్లోరైడ్ కూడా పోతుంది.

తనే చేసుకోవడం మంచిదే, కానీ ఆ తర్వాత మీరూ ఒకసారి తోమాలి. ఏడెనిమిదేళ్ల దాకా చేతికి అంత ఒడుపు రాదు. వెనక నిలబడి తల మీ ఛాతీకి ఆనించుకోండి. వేలితో పెదవి ఎత్తి, మెత్తని కుచ్చును చిగురు, పన్ను కలిసే చోట ఏటవాలుగా పెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టండి. లోపలి వైపు మరవకండి. మొత్తం రెండు నిమిషాలు, పొద్దునా రాత్రీ. ఒకదానికొకటి ఆనుకున్న దవడ పళ్ల మధ్యకు కుచ్చు వెళ్లదు, అక్కడ ఫ్లాస్ దారం ఆడించాల్సిందే.

ప్రశ్న: ఆరేళ్ల బాబుకి కింది పాలపన్ను ఊడకుండానే వెనక ఇంకో పన్ను వచ్చింది. పీకించాలా?

జవాబు: పాలపన్ను కదులుతుంటే తొందర లేదు, ఊడాక నాలుకే కొత్తదాన్ని ముందుకు నెడుతుంది. రెండు మూడు నెలలైనా కదలకపోతే చూపించండి. ఈలోగా నోటి చివర చూడండి. ఈ వయసులోనే ఆఖరి పాలపన్ను వెనక తొలి శాశ్వత దవడ పన్ను మొలుస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు కనుక చాలామంది పాలపన్నే అనుకుంటారు. పూర్తిగా పైకి వచ్చేదాకా మిగతావాటికన్నా కిందుగా ఉంటుంది, మామూలుగా తోమితే కుచ్చు తగలదు. బ్రష్‌ను బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి తోమండి. దాని గాడులు లోతుగా ఉంటే సీలెంట్ (గాడులను మూసేసే పలుచటి పూత) వేయమని డాక్టరును అడగండి.