కృష్ణా డెల్టాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న మా చిన్న ఊరికి వచ్చిన తుపానులు, వరదల చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? తేదీల పట్టికతోనా?

మీది సముద్రానికి దగ్గరగా ఉన్న డెల్టా ఊరు కాబట్టి మీరు అడిగినట్టు తేదీల పట్టికతో మొదలుపెట్టకండి. ముందు కాగితం మీద మూడు గళ్లు గీయండి: ఉప్పునీరు, ఏటినీరు, వాననీరు. ఏ విపత్తు పేరు చెవిన పడినా అప్పుడు ఊళ్లోకి వచ్చింది ఏ నీరో తేల్చాకే రాయండి. జనం నోట్లో అన్నీ ‘తుపానే’. కానీ ఉప్పెన వచ్చిన పొలంలో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, బావులు ఉప్పబడతాయి. ఏరు పొంగితే ఒండ్రు మేట వేస్తుంది. వాననీరైతే డ్రెయిన్లు పోటు వేళ సముద్రంలోకి దిగక వెనక్కి తంతాయి, చేలు రోజుల తరబడి మునిగే ఉంటాయి. పెద్దవాళ్లను ‘ఎంత నీరొచ్చింది’ అని కాక ‘ఆ తర్వాత బావినీళ్లు తాగారా, మరుసటి పంట వేశారా’ అని అడగండి. జవాబు నికరంగా వస్తుంది.

తరచుగా జరిగే పొరపాటు తుపాను తీరం దాటిన చోటును బట్టి వెతకడం. 1977 నవంబరు 19 నాటి తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన తుడిచిపెట్టింది అక్కడికి అరవై కిలోమీటర్ల పైచిలుకు ఈశాన్యాన, కృష్ణా ముఖద్వారం దగ్గర ఉన్న దివిసీమను. మన వైపు తుపానులో గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందుకే పడమరగా వచ్చే తుపానుకు కుడివైపు, అంటే ఉత్తరాన ఉన్న తీరం మీదికి గాలి సముద్రాన్ని తోస్తుంది, ఎడమవైపు నీటిని వెనక్కి లాగుతుంది. వాతావరణ శాఖ తుపాను అట్లాసులో 1891 నుంచి దారులు గీసి ఉన్నాయి. మీ ఊరికి దక్షిణంగా వంద కిలోమీటర్ల లోపు దాటినవన్నీ ముందు రాసుకోండి. ఉత్తరాన దాటినవి తర్వాత చూడొచ్చు, వాటిలో గాలీ వానే ఎక్కువ.

దారి గీతను సరిచూసుకోవడానికి గాలి మళ్లిన తీరు ఉంది. మొదట ఈశాన్యం, తర్వాత తూర్పు, చివరికి ఆగ్నేయం నుంచి వీచిందంటే తుపాను కేంద్రం ఊరికి దక్షిణంగా పోయినట్టు. ఈశాన్యం నుంచి ఉత్తరానికీ, అక్కడి నుంచి పడమరకీ తిరిగితే ఉత్తరంగా పోయినట్టు. హఠాత్తుగా ఆగి, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడితే తుపాను కన్ను, అంటే గాలి లేని నడిమి భాగం, ఊరి మీదుగానే వెళ్లింది. ఏ గోడ ముందు కూలిందో, చెట్లు ఎటు పడ్డాయో చాలామందికి గుర్తుంటుంది. దిక్కు అడగడం కన్నా అది అడగడమే మేలు.

ఇక ఎత్తు. ‘గుడి మూడో మెట్టు దాకా’ అన్న మాట బంగారం, కానీ దాన్ని ఇవాళ్టి రోడ్డు నుంచి కొలవకండి. వేసిన ప్రతిసారీ రోడ్డు లేస్తుంది, మెట్లు పూడిపోతాయి. కదలని పాత చోటు ఒకటి ఎంచుకోండి: గర్భగుడి గడప, లాకుల గోడ, సర్వే బెంచ్‌మార్క్ (సర్వేవాళ్లు ఎత్తు కొలిచి పెట్టిన గుర్తు). అక్కడి నుంచి మిగతా గుర్తులకు మట్టం తీసుకెళ్లడానికి తాపీమేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ ట్యూబు చాలు. ట్యూబులో గాలిబుడగ మిగిలితే లెక్క తప్పుతుంది. ముందుగా రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తున్నాయో లేదో చూడండి. ఎత్తు రాసేటప్పుడు దేని మీద అంత ఎత్తో కూడా రాయాలి. 1864 నవంబరు 1 రాత్రి బందరును (మచిలీపట్నాన్ని) ముంచిన ఉప్పెనను 13 అడుగులంటారు, అది పోటు మట్టానికి పైన. 1977 ఉప్పెన 5 నుంచి 6 మీటర్లంటారు, ఆధారమట్టం చెప్పకుండా. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని వాదించడం దండగ.

తేదీలకు మూడు చిక్కులు. ముసలివాళ్లు, పాత కాగితాలు సంవత్సరాన్ని పేరుతో చెబుతారు. 1864 రక్తాక్షి, 1977 పింగళ. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కనుక చెప్పేవాళ్ల వయసుతో సరిచూసుకోవాలి. పైగా ఏడాది ఉగాదికి మారుతుంది. ఊరి లెక్కలు రాసిన కరణాల కాగితాల్లో ఫసలీ, అంటే రెవెన్యూ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలై 1 నుంచి జూన్ 30 దాకా లెక్క. 1977 ఉప్పెన 1387 ఫసలీలో పడుతుంది. అడంగళ్లలో (ఏ పొలంలో ఏ పంటో రాసే రెవెన్యూ రికార్డుల్లో) ఆ ఫసలీ పంట గడి ఎలా ఉందో చూస్తే ఏ సర్వే నంబర్ల దాకా దెబ్బతిన్నాయో తెలిసే అవకాశం ఉంది. ఇక వానకొలతలు ఉదయం ఎనిమిదిన్నరకు తీస్తారు, 18 రాత్రి కురిసింది 19 కింద ఎక్కుతుంది. ఒకే తుపాను రెండు తేదీలతో కనబడితే రెండు తుపానులని రాసేయకండి.

పాత కాగితాల్లో బందరు ‘మసులిపటం’, కృష్ణా ‘కిస్ట్నా’. 1883లో మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో 1864 ఉప్పెన వివరాలు దొరుకుతాయి. 1859 నుంచి 1904 దాకా గుంటూరు కూడా కృష్ణా జిల్లాలోనే ఉండేది కాబట్టి ఆనాటి జిల్లా నష్టాన్ని ఇవాళ్టి జిల్లాతో పోల్చకండి. 2004కు ముందు మన సముద్రంలో తుపానులకు పేర్లు పెట్టలేదు, పాతవాటిని తేదీతోనే వెతకాలి.

ఏటి వరదకు ప్రకాశం బరాజ్ విడుదల అంకెలు తీసుకోండి. 2009 అక్టోబరులో 11 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) దాటింది, 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షలు వెళ్లింది. లక్ష క్యూసెక్కులు ఒకరోజు పారితే సుమారు 8.64 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). కానీ ఊరు మునిగిందా లేదా అన్నది బరాజ్ అంకె ఒక్కటే చెప్పదు. కరకట్ట ఎక్కడ తెగింది, ఆ రాత్రి సముద్రం పోటు మీద ఉందా, ఈ రెండూ పక్కన రాయాలి.

చావుల లెక్కను తీవ్రతకు కొలతగా వాడొద్దు. 1977లో ప్రభుత్వ లెక్కే పది వేల దాకా ఉంది, అనధికార అంకెలు ఇంకా ఎక్కువ. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర దాటిన తుపాను దానికి ఏమాత్రం తీసిపోనిది, అయినా మృతులు వెయ్యికి లోపే. ముందే లక్షన్నర మందికి పైగా జనాన్ని తరలించారు. అందుకే మీ పట్టికలో ‘హెచ్చరిక ఎప్పుడు అందింది, ఎక్కడ తలదాచుకున్నారు’ అని ఒక గడి ఉండాలి.

గాలీ వానా లేకుండా వచ్చేవి ఏ వాన రిజిస్టరులోనూ కనబడవు. 2004 డిసెంబరు 26 సునామీ నిర్మలమైన ఉదయం, పౌర్ణమి నాడు వచ్చింది. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇలాంటివాటికి విడిగా ఒక పేజీ ఉంచండి.