ఓపీటీ అయిపోకముందే ఈఏడీకి వేసుకో

తల్లీ,

చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చిన ఓపీటీ అయిపోతోందని మొన్న ఫోన్‌లో నీ టెన్షన్ విన్నప్పటి నుంచి ఈ నాలుగు ముక్కలు రాయాలని ఉంది. అల్లుడు అమెరికా సిటిజన్ కాబట్టి భార్యగా నీ కోసం అతను వేసే ఐ-130, గ్రీన్‌కార్డుకి నువ్వు వేసే ఐ-485 ఒకేసారి వేసుకోవచ్చు. ఆ కవర్లోనే ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు కోసం ఐ-765 కూడా పెట్టు, కేటగిరీ (సి)(9). గ్రీన్‌కార్డు ఎలాగూ వస్తుంది కదా, మళ్ళీ దీనికి 260 డాలర్లు ఎందుకన్నావు. 2024 ఏప్రిల్‌కు ముందు దానికి విడిగా ఫీజు లేదు, నీ స్నేహితులు చెప్పేది ఆ పాత సంగతే. ఇంటర్వ్యూకి ఎప్పుడు పిలుస్తారో ఎవరం చెప్పలేం. నీ ఓపీటీ మాత్రం తేదీకి అయిపోతుంది. ఐ-485 పెండింగ్‌లో ఉంటే ఇక్కడ ఉండొచ్చు గానీ ఉద్యోగం చేయడానికి అది చాలదు. ఓపీటీ ముగిశాక ఈఏడీ కార్డు చేతికొచ్చే దాకా ఒక్క గంట కూడా పని చేయకు. సెలవు సంగతి మేనేజర్‌తో ఇప్పుడే మాట్లాడు.

మనవాళ్ళకి అసలు చిక్కు బర్త్ సర్టిఫికెట్ దగ్గరే వస్తుంది. నువ్వు అమ్మమ్మగారి ఊళ్ళో పుట్టావు. పంచాయతీలో రాయించారో లేదో మీ అమ్మకే గుర్తు లేదు. అక్కడ నమోదు లేకపోతే, లేదని సర్టిఫికెట్ తెప్పించి, దానికి టెన్త్ మెమో, అమ్మానాన్నల అఫిడవిట్లు జతచేయాలి. మీ నాన్న ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంది కదా, ఆ రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్‌లో స్పష్టంగా రాయించు. తెలుగు కాగితాలకి ఇంగ్లీషు అనువాదం, చేసినవాళ్ళ సంతకంతో సహా ఉండాలి. వీటికే ఎక్కువ రోజులు పడుతుంది, అందుకే ముందు వీటి పని చూడు.

మెడికల్ రిపోర్టు 2024 డిసెంబర్ నుంచి ఐ-485తోనే పంపాలి. డాక్టరు సీలు వేసి ఇచ్చిన కవరు విప్పకు.

చెల్లి పెళ్ళికి ఇండియా వెళ్ళడం గురించి చెప్పడానికి నాకు బాధగానే ఉంది. బయటి దేశానికి వెళ్ళి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, అంటే అడ్వాన్స్ పెరోల్ కోసం ఐ-131 కూడా వెయ్యి. కానీ అది చేతికి రాకముందు విమానం ఎక్కితే, గ్రీన్‌కార్డు దరఖాస్తు వదులుకున్నట్టే లెక్కేస్తారు. అది రాకపోతే ఆగిపోవడమే మంచిది. చెల్లికి నేను నచ్చజెబుతాను.

మెయిల్‌బాక్స్ మీద నీ పేరు కూడా అంటించు. అపార్ట్‌మెంట్ మారితే పది రోజుల్లోపు ఈ దరఖాస్తులు చూసే ఇమిగ్రేషన్ ఆఫీసు యూఎస్‌సీఐఎస్‌కి తెలియజేయాలి. పోస్టాఫీసులో చెప్పి ఊరుకుంటే కార్డు కొత్త ఇంటికి రాదు.

పంచాయతీ కాగితం కోసం రేపే అమ్మకి ఫోన్ చెయ్యి. కవరు పంపే ముందు అన్నీ స్కాన్ చేసి నాకు పంపు, పెదనాన్నా నేనూ ఒకసారి చూస్తాం.

మీ పెద్దమ్మ