టూర్ డి ఫ్రాన్స్‌కి సైకిల్ మీద: మీ లెక్కలో లేని ఖర్చులే పెద్దవి

ప్రశ్న: మేడమ్, లండన్‌లో క్రోయ్‌డన్ దగ్గర ఉంటాను. ఐటీ ఉద్యోగం, స్కిల్డ్ వర్కర్ వీసా, భారత పాస్‌పోర్ట్. జీతం ఏడాదికి 43,500 పౌండ్లు, చేతికి నెలకి దాదాపు 2,900 వస్తుంది. అద్దె, బిల్లులు, సరుకులకి 1,450 పోతుంది. ఇంటికి అమ్మానాన్నలకి 400 పంపుతాను. చిల్లర ఖర్చులు పోను 450 దాకా మిగులుతుంది. పొదుపు ఖాతాలో 3,800 ఉంది, క్రెడిట్ కార్డు మీద 700 బాకీ ఉంది, వడ్డీ 24.9 శాతం. మొన్న ఆదివారం సైకిల్ మిత్రులతో టీ తాగుతుంటే ఎవరో అన్నారు, టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు ఆఖరి రోజుకి సైకిళ్ల మీదే ప్యారిస్ వెళ్దామని. గ్లాసులు కింద పెట్టేలోపు అందరం సరే అనేశాం. ఏడు వారాలే టైముంది. ఓడ టికెట్, టెంట్ అద్దెలు, తిండి కలిపి మనిషికి 600 పౌండ్లు చాలన్నారు. మిగతావాళ్లందరివీ బ్రిటిష్ పాస్‌పోర్టులే. ఆరు రోజులు సెలవు కావాలి, నాకు మూడే మిగిలాయి, మిగతా మూడూ జీతం లేని సెలవు పెడతాను. ఖర్చు కార్డు మీద వేసి ఏడాదిలో తీర్చేయనా? లేక ఇంటికి పంపేది ఒక నెల ఆపనా? సైకిల్ టు వర్క్ పథకంలో 1,400 పెట్టి కొత్త సైకిల్ తీసుకోమని కూడా ఒకడు పోరుతున్నాడు. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. కాకపోతే మీరు రాసిన ప్రయాణం కాదు, దాన్ని కాస్త కత్తిరించింది. ఎందుకో చెప్తాను.

ముందు మీ 600 సంగతి. అది మీ స్నేహితులకి సరైన లెక్కే, మీకు కాదు. మీ జాబితాలో ఓడ ఉంది, టెంట్ ఉంది, తిండి ఉంది. అన్నిటికన్నా పెద్ద ఖర్చు మాత్రం అందులో లేదు. అది జీతం లేని ఆ మూడు రోజులు. 43,500ని ఏడాదికి 260 పనిదినాలతో భాగిస్తే రోజుకి 167 పౌండ్లు. దాంట్లో 20 శాతం ఆదాయపు పన్ను, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ ఎలాగూ పోయేవే, అవి తీసేసినా రోజుకి 120 పౌండ్లు మీ చేతికి రాకుండా పోతాయి. మూడు రోజులకి 360. వీసా, తిరుగు ప్రయాణం, బీమా, సైకిల్ సర్వీసింగ్ కూడా కలిపితే మీ 600 కాస్తా 1,300 దాటుతుంది. సెలవు పెడితే డబ్బు జేబులోంచి బయటికి పోయినట్టు కనిపించదు కదా, అందుకే దాన్ని ఎవరూ ఖర్చు కింద రాయరు. నెలాఖరున పేస్లిప్ చూసినప్పుడు తెలుస్తుంది.

కాబట్టి ఆ మూడు రోజులూ కొట్టేయండి, ఉన్న మూడు సెలవుల్లోనే సర్దుదాం. లండన్ నుంచి ప్యారిస్‌కి అవెన్యూ వెర్ట్ అనే సైకిల్ దారి ఉంది, 2012లో తెరిచారు. లండన్ నుంచి న్యూహేవెన్, అక్కడ ఓడెక్కి అవతల డియెప్, అక్కడి నుంచి నార్మండీ పల్లెల మీదుగా ప్యారిస్. ఇంగ్లండ్ వైపు సగం మీరు ఏ శనివారమైనా తొక్కుకోవచ్చు, దానికి సెలవూ అక్కర్లేదు, వీసా అక్కర్లేదు. మీరు బుధవారం ఆఫీసు కాగానే సైకిల్ రైలెక్కించి న్యూహేవెన్ వెళ్లిపోండి. రాత్రి బయల్దేరి తెల్లవారుజామున డియెప్‌లో దింపే ఓడ ఉంటుంది, మీ తేదీకి ఉందో లేదో చూసుకోండి. ఓడలో నిద్ర సరిగా పట్టదు, ఆ మాట నిజం. కానీ ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. డియెప్ నుంచి ప్యారిస్‌కి పడమటి దారిన సుమారు 250 కిలోమీటర్లు. గురు, శుక్ర, శనివారాల్లో రోజుకి 80 చొప్పున తొక్కితే శనివారం సాయంత్రానికి చేరతారు. ఆదివారం రేసు, సోమవారం తిరుగు ప్రయాణం. సెలవులు గురు, శుక్ర, సోమ. సరిగ్గా మూడు. మీ మిత్రులు లండన్ నుంచే తొక్కుతామంటే తొక్కనివ్వండి, డియెప్ రేవులో కలవండి.

ఇక వీసా. డబ్బు సమస్య కాదనుకుంటారు గానీ అసలు డబ్బు సమస్య ఇదే. మీ స్నేహితులకి అక్కర్లేదు గానీ, భారత పాస్‌పోర్ట్ మీద ఫ్రాన్స్ వెళ్లాలంటే మీకు షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాల ఉమ్మడి వీసా, కావాలి. దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందన్నా పెట్టాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అవసరమనుకుంటే 45 రోజుల దాకా పట్టుకోవచ్చు. మీకున్నవి 49 రోజులు. వేసవి కాబట్టి అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. అందుకని వరుస ఇలా పెట్టుకోండి: మొదట అపాయింట్‌మెంట్, ఆ తర్వాతే మిగతావన్నీ. వచ్చే రెండు వారాల్లోపు స్లాట్ దొరక్కపోతే ఈ ఏటికి ఆశ వదిలేయండి. ఆలోచన మాటల్లోనే ఉన్నప్పుడు వదిలేస్తే పైసా పోదు, బుకింగులు అయ్యాక వదిలేస్తే చేతులు కాల్తాయి.

పెద్దలకి వీసా రుసుము 90 యూరోలు, పైన దరఖాస్తులు తీసుకునే వీసా సెంటర్ వాళ్ల సేవా రుసుము. నిరాకరించినా ఇవి తిరిగి రావు. ఈ మొత్తం పోయినా ఫర్వాలేదనుకుంటేనే దరఖాస్తు పెట్టండి. బస ఎక్కడో చూపించమంటారు కాబట్టి ప్రతి రాత్రికీ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే గదులే బుక్ చేయండి. రద్దు కుదరని గది పది పౌండ్లు చవకగా కనిపిస్తుంది, వీసా చేతికొచ్చేదాకా దాని జోలికి పోకండి. ఉత్తుత్తి బుకింగ్ కాగితాలు ఇప్పిస్తామనే వాళ్లు కూడా తగులుతారు. పది పౌండ్లకి మీ ఇమ్మిగ్రేషన్ రికార్డుని పణం పెట్టకండి.

కార్డు గురించి మీరు అడిగింది ఒకటి, నేను చెప్పాలనుకుంటున్నది ఇంకొకటి. 700 బాకీ మీద, జీతం కోత 360 పోను మిగతా ఖర్చు 970 దాకా వేసి ఏడాదిలో తీరిస్తే నెలకి 157 దాకా కట్టాలి, వడ్డీయే 200 పౌండ్లు దాటుతుంది. ఇది మీకూ తెలిసే ఉంటుంది. చాలామందికి తెలియనిదేమిటంటే, పాత బాకీ మోస్తున్న కార్డుకి సాధారణంగా వడ్డీ లేని గడువు వర్తించదు. మీరు కొత్తగా కొన్న ఓడ టికెట్ మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకని మొదటి పనిగా పొదుపు ఖాతాలోంచి 700 తీసి ఆ బాకీ తుడిచేయండి. పొదుపు మీద వచ్చే వడ్డీ ఎంత, ఇక్కడ కట్టే 24.9 ఎంత? మిగిలిన 3,100ని మాత్రం ముట్టుకోవద్దు. ఇంటికి పంపేదీ కలుపుకుంటే మీ తప్పనిసరి ఖర్చు నెలకి 1,850. అంటే 3,100 రెండు నెలలకి కూడా నిండుగా రాదు. ఉద్యోగంతో ముడిపడిన వీసా మీద ఉన్నవారికి అది పల్చని దుప్పటి.

బాకీ తీరాక అదే కార్డు మీకు పనికొస్తుంది. బ్రిటన్‌లో 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం 100 పౌండ్ల పైన, 30,000 దాకా ధర ఉన్నదాన్ని క్రెడిట్ కార్డు మీద కొంటే, అమ్మినవాడు మాట తప్పినా మూతపడినా కార్డు కంపెనీని అడిగే హక్కు ఉంటుంది. విదేశాల్లో కొన్నదానికీ ఇది వర్తిస్తుంది. మధ్యవర్తి సైట్ల ద్వారా కొంటే ఈ హక్కు సన్నగిల్లే ప్రమాదం ఉంది, వీలైనంతవరకు నేరుగా కొనండి. బిల్లు రాగానే మొత్తం కట్టేయండి. ఏటీఎంలో మాత్రం ఆ కార్డు పెట్టకండి, నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ. ఫ్రాన్స్‌లో కార్డు మిషన్ పౌండ్లా యూరోలా అని అడిగితే యూరోలే నొక్కండి. ఈ మారకం గొడవల గురించి జనం తెగ బుర్ర బద్దలు కొట్టుకుంటారు గానీ, మీరు అక్కడ ఖర్చుపెట్టే 400కి కార్డు వాళ్లు 3 శాతం మారకపు ఫీజు వేసినా పన్నెండు పౌండ్లు. దీనికి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

నా లెక్క ఇది, కొంచెం అటూ ఇటూగా: వీసా, సేవా రుసుము కలిపి 110. బీమా 40. ఓడలు, రైళ్లు రానూపోనూ 130. సైకిల్ సర్వీసింగ్, విడిభాగాలు 90. దారిలో రెండు రాత్రులు టెంటో హాస్టలో, 70. శని, ఆదివారాలు ప్యారిస్ శివార్లలో గది, 180. ఐదు రోజుల తిండి 150. మొత్తం 770. రేసుకి టికెట్ లేదు, పైసా అక్కర్లేదు. 1975 నుంచి ఆఖరి దశ షాంజెలీజే వీధి మీద ముగియడం ఆనవాయితీ, రోడ్డు పక్కన ఎవరైనా నిలబడి చూడొచ్చు. ఒలింపిక్స్ వల్ల 2024లో మాత్రం నీస్‌లో ముగిసింది. మీ ఖర్చుకి గండి కొట్టేది ఆ వారాంతపు గది అద్దెలే. ఊరి నడిబొడ్డున వెతక్కుండా సాన్-జెర్మేన్-ఆన్-లే లాంటి చోట చూడండి, ప్యారిస్ లోకల్ రైళ్లలో ఆర్‌ఈఆర్ ‘A’ లైను అక్కడి దాకా వస్తుంది. సైకిల్ గదిలో పెట్టి రైల్లో వెళ్లండి.

బీమాలో ఒకటికి రెండుసార్లు చదవాల్సిన సంగతులు రెండు: వైద్యానికి కనీసం 30,000 యూరోల కవరేజీ ఉందా (అది వీసా నిబంధన); రోజుల తరబడి సైకిల్ ప్రయాణానికి వర్తిస్తుందా లేదా. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఇచ్చే జీహెచ్‌ఐసీ కార్డు ఉచితమే, తీసుకోండి. అది ఫ్రాన్స్‌లో ప్రభుత్వ వైద్యానికి పనికొస్తుంది, మిమ్మల్ని ఇంటికి చేర్చే ఖర్చు పెట్టదు.

770కి ఇంకో 150 కలపండి. దీన్ని నేను ఆపేసే డబ్బు అంటాను. మోకాలు పట్టేసినా, వాన వదలకపోయినా, సైకిల్ మొరాయించినా, అక్కడితో ఆపి రైలెక్కడానికి, లేదా ఇంకో రాత్రి ఎక్కడో తలదాచుకోవడానికి. ఈ దారిలో జిజోర్ దాకా వస్తే ప్యారిస్ సాన్-లజార్ స్టేషన్‌కి రైలుంది. ఆ డబ్బు విడిగా లేనివాడు నొప్పితోనే తొక్కుతాడు, ఆ తర్వాత ఫిజియోథెరపీకి ఇంకా ఎక్కువ పోస్తాడు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. కొన్నేళ్ల కిందట ఇదే దారిలో ఫోర్జ్-లెజ్-ఓ దాటాక నా సైకిల్ పక్కకి పడింది. చిన్న దెబ్బే, నాకేం కాలేదు. లేచి తొక్కితే గొలుసు పట్టు తప్పింది. చూస్తే వెనక గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరిగింది. వేలెడంత అల్యూమినియం ముక్క. అది ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారంలో ఉంటుంది, ఇంకోదానికి పట్టదు. ఆ రోజు ఆదివారం. ఫ్రాన్స్ చిన్న ఊళ్లలో చాలా దుకాణాలు ఆదివారంతో పాటు సోమవారం కూడా తెరవరు. మంగళవారం పొద్దున దాకా ఒక గదిలో కూర్చుని కిటికీలోంచి వాన చూశాను. రెండు రాత్రుల అద్దె 140 యూరోలు. ఇంట్లోంచి బయల్దేరే ముందు ఆ ముక్క కొని సంచిలో వేసుకుని ఉంటే 15 పౌండ్లతో పోయేది. నేను రాసిన 90లో మీ ఫ్రేముకి సరిపోయే హ్యాంగర్ కూడా ఉంది.

మొత్తం 920. జూన్, జూలై నెలల్లో మిగిలే 450 రెండు కలిపితే 900. ఒక 20 తగ్గింది, ఒక శనివారం బయట తినడం మానేస్తే సరి. జూలై జీతం మీరు తిరిగొచ్చాకే పడుతుంది కాబట్టి, కార్డు బిల్లు కట్టే తేదీ దాని తర్వాత ఉండేలా చూసుకోండి. ఇలా అయితే అప్పూ లేదు, అత్యవసర నిధిని తాకిందీ లేదు.

ఇంటికి పంపే 400 ఆపొద్దు. ఆ డబ్బుతో అక్కడ ఏ మందుల బిల్లు, ఏ చిట్టీ వాయిదా నడుస్తోందో చాలాసార్లు మనకి చెప్పరు. ఆపితే "ఫర్వాలేదు నాన్నా" అంటారు, ఆ మాటని నమ్మి లెక్కలు వేయకండి. పైగా మనం వేసిన లెక్కలో దాని అవసరమే రాలేదు.

కొత్త సైకిల్ వద్దు. పథకం మంచిదే, పన్ను వేయకముందే జీతంలోంచి సైకిల్ డబ్బు కోస్తారు కాబట్టి మీ పన్ను శ్లాబులో 1,400 మీద 392 దాకా మిగులుతుంది. కానీ ఆ సైకిల్‌ని ప్రధానంగా ఆఫీసుకి వెళ్లిరావడానికి వాడాలనేది షరతు, మీరు ఆఫీసుకి రైల్లో వెళ్తారేమో నాకు రాయలేదు. అన్నిటికీ మించి, ఒంటికి అలవాటు లేని కొత్త సీటు మీద మూడు రోజులు 80 కిలోమీటర్ల చొప్పున తొక్కితే ఏమవుతుందో ఆ సలహా ఇచ్చినవాణ్నే అడగండి.

వీసా స్లాట్ దొరక్కపోతే మీ మిత్రులని ఈసారికి పంపించేయండి. ఆ 450లు నెలనెలా పక్కన పెట్టుకుంటూ ఉండండి. 2027లో టూర్ డి ఫ్రాన్స్ మొదలయ్యేది ఫ్రాన్స్‌లో కాదు, ఎడిన్‌బరాలో. క్రోయ్‌డన్ నుంచి అక్కడికి వీసా అడిగేవాళ్లు లేరు, సెలవు చీటీ మాత్రం జనవరిలోనే పెట్టేయండి.