నాన్న మాట, కొడుకు నోట: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఇంగ్లీషు కథ అందింది. హాస్టల్లో ఉన్న కొడుకు ఇంటికి ఫోను చేసే ఘట్టాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి ఒక వాక్యం అర్థం కాక. "మై ఫాదర్ సెడ్ దట్ ఐ విల్ సెండ్ ది మనీ టుమారో" అని రాశావు. కథ చెబుతున్నవాడు కొడుకు కాబట్టి ఆ 'ఐ' కూడా కొడుకే అవుతాడు. ఫీజు కట్టలేక దిగాలుపడిన కుర్రవాడే తిరిగి ఇంటికి డబ్బు పంపవలసి వస్తుంది!

ఇది నీ చేత రాయించింది నీ తెలుగు చెవి. "నాన్న మర్నాడు డబ్బు పంపుతానన్నాడు" అంటాం మనం. అందులో 'పంపుతాను' అన్న క్రియ నాన్న పలికినట్టే ఉత్తమ పురుషలో ఉండిపోయింది, అయినా పంపేది నాన్నేనని ఎవరికీ సందేహం రాదు. మన 'అని' చేసే ఆ పనిని ఇంగ్లీషు 'దట్' చేయలేదు. కొటేషన్ గుర్తులు తీసేశాక అక్కడ మాట్లాడేది కథకుడే గనుక మనిషిని, కాలాన్ని, రోజును అతను నిలబడ్డ చోటి నుంచే లెక్కకట్టాలి: "మై ఫాదర్ సెడ్ దట్ హీ వుడ్ సెండ్ ది మనీ ది నెక్స్ట్ డే."

ఒకరి మాటను మన మాటగా మార్చి చెప్పే 'ఇన్‌డైరెక్ట్ స్పీచ్' కోసం మనం బడిలో బట్టీపట్టిన పట్టికలో 'టుమారో'కు ఎదురుగా 'ది నెక్స్ట్ డే' అని ఉంటుంది గాని, ఎందుకో ఉండదు. ఫోను పెట్టేసిన గంటకే కొడుకు ఆ సంగతి స్నేహితుడికి చెబితే రేపు ఇంకా రేపే కనుక 'టుమారో'నూ 'విల్'నూ అలాగే ఉంచవచ్చు. మార్చి తీరవలసింది 'ఐ' ఒక్కదాన్నే.

ఇక తల్లి అడిగిన "డిడ్ యూ ఈట్?" అన్న ప్రశ్నను "షీ ఆస్క్డ్ దట్ డిడ్ ఐ ఈట్" అని మార్చావు. 'తిన్నావా అని అడిగింది'లోని 'అని' ఇక్కడా నిన్ను మోసగించింది. అవునో కాదో తేల్చమనే ప్రశ్నకు 'దట్' పనికిరాదు, 'ఇఫ్' గాని 'వెదర్' గాని కావాలి, 'డిడ్' తొలగిపోయి వాక్యం మామూలు వరుసకు వస్తుంది: "షీ ఆస్క్డ్ ఇఫ్ ఐ హాడ్ ఈటెన్." నీ వయసులో నేనూ ఈ 'ఆస్క్డ్ దట్' రాసి ఒక సంపాదకుడి చేత ఎర్రసిరా గీతలు పెట్టించుకున్నవాణ్నే. ఆజ్ఞలకు 'టోల్డ్', అభ్యర్థనలకు 'ఆస్క్డ్' వాడి 'టు'తో క్రియను కలిపితే చాలు. 'అయ్యో' వంటి మాటలను మార్చడానికి బడిలో నేర్పే 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ సారో దట్' అన్నది పరీక్షలో మార్కులు తెస్తుందేమో గాని, కథలో దాన్ని చదివి ఎవరూ కంటతడి పెట్టరు.

అన్నట్టు, ఈ ఘట్టంలో నాన్న మాటనూ తల్లి మాటనూ ఒకేలా మార్చనక్కరలేదు. నాన్న మాటలో మనకు కావలసింది డబ్బు ఎప్పుడు వస్తుందన్న సంగతి మాత్రమే, దాన్ని కథకుడే చెప్పవచ్చు. తల్లి ప్రశ్న అటువంటిది కాదు. 'ఇఫ్' చేర్చి, 'హాడ్' చేర్చి సవరించాక వ్యాకరణం కుదిరింది గాని ఆమె గొంతు వినిపించడం మానేసింది. దాన్ని కొటేషన్ గుర్తుల మధ్యే ఉంచి, ఆ పేజీ ఒక్కటి తిరగరాసి పంపు.