నెలకో ఇల్లు మారినప్పుడల్లా అమ్మకు మరుపు పెరుగుతోంది: సమాధానం

చాలావరకు ఈ వంతులే కారణం అయ్యుంటాయి. అల్జీమర్స్ ఉన్న అమ్మ ఒక నెల మీ దగ్గర నల్గొండలో, ఒక నెల తమ్ముడి దగ్గర మిర్యాలగూడలో ఉంటున్నారని, మారిన ప్రతిసారీ వారం పది రోజులు మనుషుల్ని కూడా పోల్చుకోవట్లేదని రాశారు కదా. కొత్త విషయాలు గుర్తుంచుకునే మెదడు భాగం, హిప్పోకాంపస్, ఈ జబ్బులో ముందే దెబ్బతింటుంది. టెన్షన్‌లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ ప్రభావం కూడా దాని మీద పడుతుంది. బాత్రూమ్ ఎటుందో తెలియని ఇంట్లో ఆమెకు రోజంతా టెన్షనే.

1. వంతులు ఆపండి. అమ్మను ఒకే ఇంట్లో ఉంచి, తమ్ముడినే వచ్చి పొమ్మనండి. ఖర్చు, రాత్రి కాపలా పంచుకోండి.

2. ఎక్కువమంది వదిలేసేది ఇది: ఆమెకు పరీక్షలు పెట్టడం మానాలి. వచ్చిన ప్రతి చుట్టమూ "నేనెవర్ని, చెప్పు?" అనే అడుగుతాడు. చెప్పలేక ఆమె బెదిరిపోతారు, గుర్తున్నది కూడా తడబడుతుంది. "అమ్మా, నేను పెద్దోణ్ణి, చాయ్ తెచ్చిన" అని మనమే ముందు చెప్పాలి. చుట్టాలకు ఈ మాట గడప దగ్గరే చెప్పండి, మొహమాటం వద్దు.

3. మంచం, దుప్పటి, చెంబు పాతవే ఉంచండి. రాత్రంతా బాత్రూమ్ లైటు వెలగనివ్వండి.

టెన్షన్ తగ్గితే జబ్బు పోదు, తికమక తగ్గుతుంది. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లోనే అయోమయం బాగా పెరిగితే మాత్రం ఇల్లు మారడం మీదికి నెట్టేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా అలా అవుతుంది, వెంటనే డాక్టరుకు చూపించండి.