పుంజు కూత, పెట్ట పొదుగు: పెరటి కోళ్లపై మీ ప్రశ్నలు

ప్ర: మా పెట్ట మొదటి రోజు ఉదయం ఏడింటికి గుడ్డు పెట్టింది. మర్నాడు ఎనిమిదిన్నరకి, ఆ మర్నాడు పది దాటాక పెట్టింది. తర్వాత ఒక రోజు అసలు పెట్టలేదు. జబ్బేమైనా చేసిందంటారా? పెంకు కూడా ఈమధ్య పల్చగా ఉంటోంది.
– ఒక పాఠకురాలు, తణుకు

జ: వేళ తప్పడం జబ్బు కాదు. ఒక గుడ్డు తయారవడానికి 24 గంటలు చాలవు, 25 నుంచి 26 గంటలు పడుతుంది. అండాశయం నుంచి జారిన పచ్చసొన మొదట గరాటులాంటి భాగంలో పావుగంట నుంచి అరగంట ఉంటుంది. పుంజుతో కలిసిన పెట్టయితే ఫలదీకరణ జరిగేది అక్కడే, తెల్లసొన చుట్టుకోకముందే. తర్వాత సుమారు 3 గంటల్లో తెల్లసొన పడుతుంది, ఇంకో గంట పైచిలుకులో పెంకు లోపలి పొరలు అల్లుకుంటాయి. మిగతా 20 గంటలూ పెంకు పనే. గుడ్డు బయటపడ్డ అరగంటకి తర్వాతి సొన జారుతుంది. అందుకే రోజూ గంటో గంటన్నరో ఆలస్యమవుతూ పోతుంది. సొనను జార్చే హార్మోను మాత్రం రాత్రి చీకటి గంటల్లోనే ఊరుతుంది. గుడ్డు మధ్యాహ్నం దాకా జరిగిపోయిందంటే ఆ గడువు దాటినట్టే. ఒక రోజు ఖాళీ పోయి, మళ్లీ పొద్దున్నే మొదలవుతుంది.

ఇక పెంకు సంగతి. ఒక్కో పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకు ఎక్కువగా గట్టిపడేది రాత్రిపూట, కోడి మేత మేయని వేళ. కాబట్టి ఆల్చిప్పల ముక్కలు సాయంత్రం పెట్టండి. మెత్తటి పొడి త్వరగా కరిగిపోతుంది. కందిగింజంత ముక్కలయితే కందనకాయలో నిలిచి రాత్రంతా కొంచెం కొంచెంగా అందుతాయి. మేతలో కలపకుండా విడిగా ఒక చిప్పలో ఉంచితే కావలసిన పెట్టే తింటుంది. పిల్లలకి మాత్రం అందనివ్వకండి, కాల్షియం ఎక్కువైతే వాటి మూత్రపిండాలు చెడతాయి. మీరు వేసేది నూకలు, తవుడు మాత్రమే అయితే కాల్షియం చాలదు.

వేసవిలో ఇంకో కారణం తోడవుతుంది. కోడి నోరు తెరిచి రొప్పుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడు తగ్గిపోతుంది. పెంకు తయారయ్యేది కాల్షియం కార్బొనేటుతో కాబట్టి, ఎన్ని ఆల్చిప్పలు పెట్టినా పల్చబడుతుంది. అప్పుడు కావలసింది నీడ, గాలి, మధ్యాహ్నం ఒకసారి మార్చిన చల్లటి నీళ్లు.

ప్ర: పుంజును అమ్మేసి పది రోజులైంది. ఇప్పుడు పెట్టే గుడ్లు పొదిగేయవచ్చా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జ: కొన్ని పిల్లలవుతాయి. పెట్ట గర్భనాళంలో సన్నటి గొట్టాలుంటాయి, పుంజు బీజం వాటిలో రెండు వారాల వరకు, ఒక్కోసారి మూడు వారాల దాకా కూడా బతికి ఉంటుంది. కాకపోతే మొదటి వారం తర్వాత గొడ్డుగుడ్ల వాటా పెరుగుతుంది. ఇదే కారణంగా, మంచి జాతి పుంజును కొత్తగా తెచ్చినవాళ్లు కనీసం మూడు వారాలు ఆగి గుడ్లు పోగుచెయ్యాలి. లేదంటే డేగ పుంజు పిల్లలని మురిసిపోయేవి పాత పుంజు పిల్లలు కావచ్చు. వట్టి గుడ్లే కావాలంటే పుంజు అక్కర్లేదు.

ప్ర: నాటు పెట్ట గూట్లోంచి లేవడం లేదు. దగ్గరికెళ్తే ఈకలు నిక్కబొడిచి పొడుస్తోంది. పొదుగుకి వేయాలా, మాన్పించాలా? మాన్పించడానికి ముక్కులో ఈక గుచ్చమంటున్నారు.
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జ: ముక్కులో ఈక గుచ్చడం వట్టి హింస. ముందు ఇది ఎందుకు జరుగుతోందో చూడండి. గుడ్లు పొట్టకి తగులుతున్నకొద్దీ ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. దాంతో గుడ్లు పెట్టడం ఆగిపోతుంది, పొట్ట కింద ఈకలు రాలి చర్మం వేడెక్కుతుంది. రోజుకొకసారి లేచి 15, 20 నిమిషాల్లో తిని, తాగి, కంపు కొట్టే పెద్ద పెంట ఒకటి వేసి మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

మాన్పించాలంటే పొట్ట కింద వెచ్చదనం, గుడ్ల తాకిడి రెండూ పోవాలి. అడుగున తీగ జాలీ ఉన్న పంజరాన్ని ఇటుకల మీద అడుగు ఎత్తున పెట్టి, అందులో వదలండి. గడ్డి వద్దు, మేతా నీళ్లూ తప్పనిసరి. పగటి వెలుతురు తగిలే నీడలో ఉంచితే 3, 4 రోజుల్లో తేరుకుంటుంది. వదిలాక తిన్నగా గూటికే పరిగెత్తితే ఇంకో రెండు రోజులు ఉంచండి. మళ్లీ గుడ్లకి వచ్చేసరికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. గంప కింద మూసిపెడితే నేల వెచ్చగానే ఉంటుంది కనుక ఫలితం అంతంతమాత్రం.

పిల్లలు కావాలంటే ఇంతకన్నా మంచి ఇంక్యుబేటర్ లేదు. పాత గంపలో అడుగున పొడి ఇసుక, బూడిద పోసి, పైన మెత్తటి వరిగడ్డి పరవండి. నాటు పెట్టకి 10 నుంచి 12 గుడ్లు చాలు, ఎక్కువైతే అంచున ఉన్నవి చల్లబడి చెడతాయి. గుడ్లు వారం లోపువి కావాలి, మే నెలలో అయితే మూడు నాలుగు రోజుల లోపువి. ఎండాకాలం గది వేడికే పిండం అరకొరగా ఎదగడం మొదలై చచ్చిపోతుంది. గుడ్లను కడగవద్దు, కడిగితే పెంకు మీది సన్నపొర పోయి క్రిములు లోపలికి దిగుతాయి. తడి ఇసుక పోసిన కుండ మీద చిన్న బుట్టలో, సన్నటి కొన కిందికి ఉండేలా నిలువ చెయ్యండి.

అన్ని గుడ్లూ ఒకే రాత్రి పెట్టాలి. పెన్సిలుతో గీత పెట్టుకోండి, వేరే పెట్టలు వచ్చి అందులో గుడ్లు పెట్టిపోతాయి, గీత లేని గుడ్డును రోజూ తీసెయ్యాలి. ఏడో రోజు రాత్రి చీకటిలో సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు వెడల్పు వైపు ఆనించి చూడండి. ఎర్రటి దారాలు సాలెగూడులా కనిపిస్తే పిండం ఉంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే గొడ్డుగుడ్డు. ఎర్రటి ఉంగరంలా ఒక్క గీతే ఉంటే మొదలై చచ్చిపోయింది. ఆ రెండు రకాలూ తీసెయ్యండి, కుళ్లి పగిలితే మిగతావీ పాడవుతాయి. 18వ రోజు నుంచి గుడ్లను ముట్టుకోకండి, 21వ రోజు పిల్లలవుతాయి. పెంకు పొడిచిన పిల్ల బయటికి రావడానికి రోజంతా పట్టవచ్చు. తొందరపడి పెంకు ఒలిస్తే రక్తనాళాలు తెగుతాయి. ముందొచ్చిన పిల్లలకి ఆకలేస్తుందన్న బెంగ వద్దు, పొట్టలోకి ఇంకిన పచ్చసొన రెండు రోజుల వరకు చాలుతుంది. తల్లి ఆఖరి పిల్ల కోసం ఆగగలిగేది అందువల్లే.

బాగా కూర్చున్న పెట్ట మధ్యలో వదిలేసి పోయిందంటే ముందు గోమార్లు (రక్తం పీల్చే సన్నటి పురుగులు) ఉన్నాయేమో చూడాలి. రాత్రి గంప అంచున చెయ్యి పెట్టి కాసేపుంచితే మీ చేతి మీదికే పాకుతాయి. గడ్డి కాల్చేసి, కొత్త బూడిదతో గూడు మార్చండి.

ప్ర: నాలుగేళ్ల పెట్ట గుడ్లు మానేసి కూయడం మొదలెట్టింది. కాలికి ముల్లు కూడా వస్తోంది. అరిష్టమని ఇంట్లోవాళ్లు కోసేయమంటున్నారు.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జ: అరిష్టం ఏమన్నా ఉంటే అది పెట్టకే, మీకు కాదు. కోడికి పనిచేసే అండాశయం ఎడమవైపు ఒక్కటే. అది వాపుతోనో, గడ్డతోనో చెడితే ఈస్ట్రోజన్ పడిపోతుంది. పుంజు ఈకలు రాకుండా ఆపుతున్నది ఆ హార్మోనే. అది తగ్గాక, తర్వాతి ఈకల మార్పుకి మెడ మీద మొనదేలిన ఈకలు వస్తాయి, తురాయి పెరుగుతుంది. కుడివైపు ఎదగకుండా ఉండిపోయిన భాగం ఒక్కోసారి వృషణంలా మారి కూత కూడా పుట్టిస్తుంది. అయినా జన్యువుల్లో అది పెట్టే. పుంజు లేని మందలో పెత్తనం చేసే పెట్ట ఆరోగ్యంగా ఉండి కూడా కూసిన సందర్భాలున్నాయి. పొట్ట ఉబ్బి, నడక మారితే పశువైద్యుడికి చూపించండి. ఈ భయం మనకొక్కరికే లేదు లెండి: 1474లో, ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో, గుడ్డు పెట్టిందని ఒక పుంజును విచారించి మరీ తగలబెట్టారు. అదీ ఇలాంటి పెట్టే అయ్యుండాలి.

ప్ర: మా పుంజు తెల్లవారుజామున మూడున్నరకే కూస్తోంది, పక్కింటివాళ్లు గొడవ. గూడు చీకటి చేస్తే ఆగుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జ: తగ్గుతుంది, ఆగదు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో పుంజులను మారని మసక వెలుతురులో ఉంచి చూశారు. రోజు తెలిసే ఆధారం లేకపోయినా అవి దాదాపు 24 గంటలకోసారి వేళకి కూశాయి. మామూలు రోజుల్లో వెలుగు రావడానికి సుమారు రెండు గంటల ముందే మొదలుపెట్టాయి. అంటే కూత వేళ దాని ఒంట్లోనే ఉంది. వీధి దీపం, బండి లైట్లు, పక్క పుంజు కూత దానికి తోడవుతాయి, వాటినే మీరు ఆపగలరు. రెండు మూడు పుంజులుంటే తొలికూత పెత్తందారుదే, మిగతావి తమ వంతు వచ్చేదాకా ఆగి కూస్తాయి. దాన్ని తీసేస్తే రెండోది ఆ చోటికి వస్తుంది, కూత అలాగే ఉంటుంది. గుడ్ల కోసమే పెంచుతుంటే పుంజును ఊళ్లో చుట్టాలకిచ్చేయడం మేలు.

ప్ర: కొత్తగా తెచ్చిన పెట్టను పాతవి రక్తం వచ్చేలా పొడుస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, పలమనేరు

జ: మందలో ఎవరు ఎవర్ని పొడవాలో ఒక వరస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె 1920ల మొదట్లోనే రాశాడు. కొత్త కోడి వస్తే ఆ వరస మళ్లీ తేలాలి. ముందు రెండు మూడు వారాలు దూరంగా ఉంచండి, కొక్కెర తెగులు మోసుకొస్తే మొత్తం మంద పోతుంది. తర్వాత ఒక వారం జాలీకి అటూ ఇటూ ఉంచి, రాత్రి దండె ఎక్కాక కలపండి. ఒక్కదాన్ని కాక రెండు మూడింటిని ఒకేసారి కలిపితే దెబ్బలు పంచుకుంటాయి. మేత రెండు మూడు చోట్ల వెయ్యాలి. రక్తం కనిపిస్తే వెంటనే తీసి వేరుచెయ్యండి. ఎర్రటి మచ్చను చూస్తే మిగతావి అదే చోట పొడుస్తూ పోతాయి, పుండు పూర్తిగా ఎండేదాకా మళ్లీ కలపవద్దు.